చొక్కా తొడుక్కున్న చుక్కలు

ముందుగా ఒక మాట. నాకు అక్షరాలు వచ్చింది యాభై ఎనిమిదో ఏట. ఒత్తులు ఎక్కడైనా జారితే మన్నించాలి. ఇది రాయడానికి పదకొండు రోజులు పట్టింది. చదవడానికి మీకు అంత పట్టదు.

ఆ ప్రయోగశాలను శుభ్రం చేసే ఆవిడను అందరూ బకెట్ పిన్ని అనేవారు. ఆ ఉదయం ఆవిడ పెట్టుకున్న పని చిన్నదే. పది గంటలకు పెద్దాయన వచ్చేలోపు మూడో గది తళతళలాడాలి. అక్కడ పరిశోధన చేసే అమ్మాయి పని ఇంకో రెండేళ్ళు సాగాలా, ఆ రోజే ఆగాలా అన్నది ఆయన చేతిలో ఉంది. పోయినసారి ఆయన, "బాగానే ఉందమ్మా, ఇంతకీ ఇది దేనికి పనికొస్తుంది?" అని అడిగితే ఆ అమ్మాయి నీళ్ళు నమిలింది.

పిన్ని సబ్బునీళ్ళ బకెట్‌తో లోపలికి వెళ్ళేసరికి సింకు పక్క బల్ల మీద, గాజు పళ్ళెంలో, పన్నెండు తెల్లని పూసలున్నాయి. పక్కనే ఒక చీటీ. చదవడం రాని పిన్నికి చీటీ అంటే ఉత్త కాగితమే. బల్ల ఊగుతోందని దాన్ని మడిచి కాలి కింద పెట్టింది.

పూసలు మాత్రం ఆవిడను కదలనివ్వలేదు. పళ్ళెం వంచితే జరజరా దొర్లాయి. దొర్లిన దారిలో తడి లేదు. పెన్సిల్‌తో నొక్కితే సొట్టపడి, వదలగానే మళ్ళీ గుండ్రంగా అయ్యాయి. చిన్నవి ముత్యాల్లా ఉంటే, పెద్దవి తమ బరువుకు తామే చతికిలబడినట్టున్నాయి. ఎవరి గొలుసో తెగిందనుకుని, డబ్బాలో వేద్దామని ఒకదాన్ని పట్టుకుంది. మాయం. రెండోదీ అంతే. వేళ్ళు తడిగా ఉన్నాయి గానీ, సబ్బుచేతులకు తడి కొత్తా?

సింకులోకి జారాయని నిశ్చయించుకుని వాచ్‌మన్‌ను పిలిచింది.

"అన్నా, అమ్మాయి పూసలు రెండు గొట్టంలో పడ్డాయి."

ఆయన పళ్ళెంలోకి తొంగి చూశాడు. "పూసలు కావు చెల్లెమ్మా, ముత్యాలు. మీ వదినకి కొనిస్తానని నలభై ఏళ్ళుగా చెబుతున్నా, నాకు తెలీదా?"

"కొన్నావా మరి?"

"చెబుతున్నానన్నాగా. కుళాయి తిప్పు, నీళ్ళతో పాటు వచ్చేస్తాయి."

సింకు కింద దూరి గొట్టం విప్పాడు. నీళ్ళు వచ్చాయి, ముత్యాలు రాలేదు. కట్టేద్దామంటే కుళాయి పిడి ఊడి పిన్ని చేతిలోకి వచ్చింది. వాచ్‌మన్ కంగారుగా లేవబోయి బల్లకు తల కొట్టుకున్నాడు. పళ్ళెం ఎగిరింది. అయిదు పూసలు బకెట్లో పడి గల్లంతయ్యాయి. అయిదు నేల మీది నీళ్ళలో పడి, బాతుల్లా తేలాయి.

పిన్ని భయపడటం మరచిపోయింది. తేలుతున్నవాటిలో ఒకదాన్ని పెన్సిల్‌తో పొడి అట్టముక్క మీదికి ఎక్కించి, బకెట్లోకి దొర్లించింది. అదీ మాయం.

"బకెట్టే తింటోంది అన్నా. ఇంకోటి వేసి చూడనా?"

"నా ఉద్యోగం కూడా వేసి చూడు," అన్నాడు వాచ్‌మన్ తల తడుముకుంటూ.

అప్పుడే తలుపు తెరుచుకుంది. పెద్దాయన, వెనక అమ్మాయి.

అమ్మాయి మొహంలో రక్తం లేదు. "పిన్నీ, అవి పూసలు కావు. నీటిచుక్కలు. నీళ్ళంటే పడని పొడిలో దొర్లిస్తే, ఆ పొడి చుట్టూ చొక్కాలా పట్టుకుంటుంది."

"అంటే, రెండు చుక్కల నీళ్ళు పోయాయని గది నిండా నీళ్ళు తెప్పించామా?" అన్నాడు వాచ్‌మన్.

పెద్దాయన ఎవరినీ చూడటం లేదు. ఆయన బూటు దగ్గరికి ఒక చుక్క తేలుతూ వచ్చింది. గొంతుక్కూర్చున్నాడు.

"నీళ్ళ మీద నీళ్ళు తేలుతున్నాయే. మిగతావేవి?"

"బకెట్ మింగిందండీ," అంది పిన్ని. "మంచినీళ్ళలో బతుకుతున్నాయి. సబ్బు తగిలితే చాలు, చొక్కా నిలవట్లేదు. నా చేతుల్లో రెండు పోయాయి. ఒకటి మాత్రం కావాలనే వేశానండీ."

"అయితే నీళ్ళలో సబ్బు కలిసిందో లేదో ఈ చుక్క చెప్పేస్తుందన్నమాట."

ఈసారి అమ్మాయి నీళ్ళు నమల్లేదు. "దానికే పనికొస్తుందండీ," అంది, చిన్నప్పటి నుంచీ తెలిసినట్టు.

రెండేళ్ళు ఖాయమయ్యాయి. వాచ్‌మన్ నీళ్ళు ఆపాక నేల తుడుస్తుంటే బల్లకాలి కింది చీటీ తేలుతూ వచ్చింది. అందులో ఏముందని పిన్ని అడిగింది.

"ముట్టుకోవద్దని రాశాను పిన్నీ."

ఆ సాయంత్రమే పిన్ని పలక కొనుక్కుంది. ఇప్పుడు ఆ గదిలో ఏ చీటీ కనబడినా, పూర్తిగా చదివాకే ముట్టుకుంటుంది.

— బకెట్ పిన్ని, అరవై మూడేళ్ళు. ఇప్పుడు ఉండేది ప్రయోగశాల వెనక వీధిలో, చెల్లెలి ఇంటి మేడగదిలో.