బాధ్యత గల మనిషి, మొదటి తరగతి

ప్రపంచంలో మనుషులకు కొదవ లేదు కానీ, తాను మనిషినని సర్కారు చేత కాగితం రాయించుకున్నవాడు మా నరీన్ కొండల్లో ఒక్కడే. అతడు కోక్‌సాజ్ జిల్లా పచ్చికబయళ్ల కార్యాలయంలో పనిచేసే ఎసెన్‌బెక్. మార్చిలో మా కార్యాలయానికి కృత్రిమ మేధ వచ్చింది. యంత్రాన్ని ఒంటరిగా వదలకూడదనీ, పక్కన ఒక బాధ్యత గల మనిషి ఉండి తీరాలనీ రాజధాని నుంచి దాని వెనకే నిబంధనలూ వచ్చాయి. మూడు రోజుల శిక్షణ, పది ప్రశ్నల పరీక్ష అయ్యాక ఎసెన్‌బెక్ చేతిలో "బాధ్యత గల మనిషి, మొదటి తరగతి" అన్న సర్టిఫికెట్ పెట్టారు. (పరీక్ష తప్పిన మేమంతా ఏమిటన్నది నిబంధనల్లో రాయలేదు.)

పని చూడ్డానికి తేలికే. కొండల మీద ఫోన్లు అందవు కాబట్టి గొర్రెల కాపరులు ఇప్పటికీ ఉత్తరాలు రాసి, కిందికి దిగే వ్యాను డ్రైవర్ చేతికిస్తారు. నిబంధన ఏడు ప్రకారం రాసినవారి పేరు యంత్రం కంటపడకూడదు. అందుకని ఎసెన్‌బెక్ ముందుగా పేర్లు నల్ల సిరాతో కొట్టేస్తాడు. తాను చదివినా గోప్యత పోయినట్టేనని, చదవకుండానే కొట్టేసే నేర్పు సంపాదించాడు. ఆపైన యంత్రం ఉత్తరాన్ని రెండు మూడు ముక్కల్లోకి కుదిస్తుంది. ఎసెన్‌బెక్ "మనిషి సరిచూశాడు" అన్న మీట నొక్కుతాడు.

మొదటి వారం ప్రతి ఉత్తరాన్నీ ఆసాంతం చదివాడు. రోజుకు పదకొండు తెమిలాయి. డైరెక్టర్ గుల్‌బారా ఒస్మొనోవ్నా పిలిపించి, పక్క జిల్లా మనిషి రోజుకు వంద సరిచూస్తున్నాడని చల్లగా చెప్పింది. బాధ్యత అంటే ఏమిటో ఎసెన్‌బెక్‌కు అప్పుడు బోధపడింది. ఏప్రిల్ నాటికి నూట నలభైకి చేరాడు. గౌరవ ఫలకం మీద ఫోటో కూడా వేశారు.

ఇక్కడొక సంగతి చెప్పాలి. మావాళ్లెవరూ కష్టాన్ని ముందు చెప్పరు. గొర్రెలూ ప్రాణాలూ క్షేమమేనా అని అడిగితే, సగం మందను తోడేళ్లు తిన్నా సరే, క్షేమమే అంటారు. ఎదుటివాళ్ల పిల్లల్నీ గుర్రాల్నీ వరసగా అడుగుతారు. టీ తాగుతారు. మూడో గిన్నె దగ్గర అసలు మాట బయటికొస్తుంది. ఉత్తరమైనా అంతే. మే రెండో వారంలో వచ్చిన ఒకటి ఇలా ఉంది:

"గౌరవనీయులైన కార్యాలయం వారికి. మేమూ మా మందా క్షేమం. మీరూ మీ పిల్లలూ క్షేమమని తలుస్తాం. దేవుడి దయవల్ల ఈసారి ఏటి అవతల గడ్డి బాగుంది. డైరెక్టరమ్మ మోకాలి నొప్పి తగ్గిందని విన్నాం, సంతోషం. మా తెల్ల గుర్రం ఈనింది, ఆడపిల్ల. ఒక చిన్న మాట. ఏటి మీద వంతెన దూలం విరిగింది. జూన్‌లో మంచు కరిగి నీళ్లు పెరిగితే మంద దాటలేదు. వీలుంటే మనిషిని పంపండి."

యంత్రం కుదించింది: "కాపరి, మంద, గుర్రం క్షేమం. గడ్డి బాగుంది. చర్య అక్కర్లేదు." ఎసెన్‌బెక్ మీట నొక్కాడు.

వారం తిరక్కుండా అదే చేతిరాతతో ఇంకోటి వచ్చింది. మొదటిదాంట్లో మర్యాద తక్కువైందనుకున్నాడో ఏమో పాపం, ఈసారి కుశలప్రశ్నలే రెండు పేజీలు. మూడోదాంట్లో నాలుగు పేజీలు. "కాపరి మరింత క్షేమం," అని తేల్చింది యంత్రం. జిల్లాలో నూటికి తొంభై ఎనిమిది మంది క్షేమంగా ఉన్నారని రాజధానికి నివేదిక వెళ్లింది. (మిగతా ఇద్దరూ పట్నం నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్లు, నేరుగా విషయానికొస్తారు.)

జూన్ మొదటి వారంలో ఎసెన్‌బెక్ అన్న అబ్దికెరిమ్ కార్యాలయానికి వచ్చాడు. ఆయన బూట్లు మోకాళ్ల దాకా తడిసి ఉన్నాయి. అన్నదమ్ములమని తన దగ్గరికి నేరుగా రావద్దనీ, ఏదైనా ఉంటే అందరిలాగే పద్ధతిగా ఉత్తరం రాయమనీ నౌరూజ్ పండగ విందులో పదిమంది ముందు ఎసెన్‌బెక్కే ఆయనకు చెప్పాడు. అబ్దికెరిమ్ చెప్పిన మాట వినే మనిషి.

"గొర్రెలూ ప్రాణాలూ క్షేమమేనా అన్నా?"

"క్షేమమే. నువ్వూ పిల్లలూ?"

"క్షేమమే."

ఎసెన్‌బెక్ గిన్నెలో సగానికి మించకుండా, మర్యాదగా టీ పోశాడు (నిండా పోస్తే ఇక లేవమన్నట్టు). మొదటి గిన్నె అయ్యేసరికి యంత్రాన్ని చూపించాడు. రెండో గిన్నెకు గోడ మీది సర్టిఫికెట్ దించి చేతికిచ్చాడు. అబ్దికెరిమ్ తడి చేతులు కోటుకు తుడుచుకుని మరీ అందుకున్నాడు.

"మనిషివని రాసిచ్చారా?"

"మొదటి తరగతి."

"మంచిది. అమ్మ ఉంటే సంతోషించేది."

మూడో గిన్నె పోశాక అబ్దికెరిమ్ దాన్ని తాగకుండా చేతుల్లోనే పట్టుకున్నాడు.

"ఒరే ఎసెన్, ఒక చిన్న మాట. మొన్న వంతెన పోయింది. ఇటువైపు గడ్డి అయిపోయింది, ఇంక దారిలేక మందను ఏట్లోకి దించా. నలభై దాకా కొట్టుకుపోయాయి. తెల్ల గుర్రం కూడా. దాని పిల్ల ఒడ్డునే ఉండిపోయింది, పాలు లేక అరుస్తోంది. మూడుసార్లు రాశాన్రా, నువ్వు చెప్పినట్టే. నా రాతలో ఏమన్నా తప్పుందా?"

ఎసెన్‌బెక్ తెర మీద వెతికాడు. మూడు క్షేమాలూ దొరికాయి. ఒక్కోదాని పక్కన తన పేరు, దాని కింద సరిచూడ్డానికి పట్టిన సమయం, రెండేసి సెకన్లు. అతడికి తల కొట్టేసినట్టయింది. సొంత అన్న పేరు తన చేత్తోనే కొట్టేశాడు, అది కూడా నీటుగా.

"నీ రాతలో తప్పు లేదన్నా. నేనే చదవలేదు."

అబ్దికెరిమ్ గిన్నె కింద పెట్టాడు. "పని ఎక్కువై ఉంటుందిలే," అన్నాడు. అంతకంటే తిట్టినా బాగుండేదని ఎసెన్‌బెక్‌కు అనిపించింది.

సంగతి తెలిసి గుల్‌బారా ఒస్మొనోవ్నా పరుగున వచ్చింది. తన మోకాలి గురించి అడిగిన ఉత్తరమని విని నిజంగానే నొచ్చుకుంది. ఇలాంటప్పుడు నింపాల్సిన ఫారం ఒకటుందని, ఇరవై రెండు ప్రశ్నలది, తెచ్చి ఇచ్చింది. నేను నింపనా అని యంత్రం అడిగింది. ఎసెన్‌బెక్ దాన్ని ఆపేసి పెన్ను తీశాడు. పదిహేడో ప్రశ్న: "సంఘటన సమయంలో బాధ్యత గల మనిషి అక్కడ ఉన్నాడా?" అతడు అన్న బూట్ల వైపు చూసి, "లేడు" అని రాశాడు. మార్చి తర్వాత అతడు పూర్తిగా చదివిన కాగితం అదొక్కటే.

పంపేముందు డైరెక్టర్ ఒక లోపం పట్టుకుంది. పైవాళ్లకు రాస్తూ కుశలం అడక్కపోతే ఏం మర్యాద అంది. నిజమే కదా అని మేమందరం కూర్చుని, మేము క్షేమమనీ, వాళ్లూ వాళ్ల పిల్లలూ క్షేమమని తలుస్తున్నామనీ ఒకటిన్నర పేజీ రాసి ఫారానికి ముందు జతచేశాం.

పది రోజులకు జవాబొచ్చింది: "కోక్‌సాజ్ కార్యాలయం క్షేమం. చర్య అక్కర్లేదు." కింద సరిచూసిన మనిషి ముద్ర ఉంది. ఆయన కూడా మొదటి తరగతే.