ఎడమ కాలి షూ

సోమవారం ఉదయం ఆరింటికి అప్పయమ్మ కోడలి సంచి సర్దుతోంది. నాలుగు జతల బట్టలు, తువ్వాలు, కొబ్బరినూనె సీసా, గోంగూర పచ్చడి డబ్బా పెట్టింది. ఆ తరువాత జతల సంగతి చూసింది. మేజోళ్లలో ఒకటి తీసేసింది. దిండు గలేబులు రెండుంటే ఒకటే ఉంచింది. జూకాల్లో ఒకటి తీసి తన కొంగున ముడివేసుకుంది.

ఊరెళ్లే మనిషి సంచిలో ఏ జతనూ పూర్తిగా పంపకూడదన్నది ఆమె నియమం. సగం ఇంట్లో ఉండిపోతే మిగతా సగం మనిషిని వెనక్కి లాక్కొస్తుంది. ఈ మాట ఏ పుస్తకంలోనూ లేదు. అక్షరం అక్షరం కూడబలుక్కుని తనంతట తాను చదవడం నేర్చుకున్న అప్పయమ్మ చాలా పుస్తకాలే వెతికింది. రుజువు మాత్రం ఇంట్లోనే ఉంది. గూడ్సు బండి మీద డ్యూటీకి వెళ్లే కొడుకు దిలీప్ సంచిలో ఎప్పుడూ ఒంటి మేజోడే ఉంటుంది, అతను ఎప్పుడూ తిరిగొస్తాడు. విసిగిపోయి, ఒకే రంగు మేజోళ్లు డజన్ల లెక్కన కొనడం మాత్రం మొదలుపెట్టాడు.

కోడలు జ్యోతిర్మయికి బ్యాంకులో కోటా అనే ఊరి శాఖకు బదిలీ అయింది. వీళ్లుండే రాజ్‌కిశోర్ నగర్ నుంచి ముప్పై కిలోమీటర్ల పైమాట. లోకల్ రైలెక్కితే బ్యాంకు తలుపు తీయడానికి గంట ముందో, తీసిన గంటకో చేరుస్తుంది. ముప్పై ఆరేళ్లు ఇంజను నడిపి రిటైరైన మామగారు శంకరరావు దీన్ని వంశానికి వచ్చిన మాటలా తీసుకున్నాడు గాని, కాదనలేకపోయాడు. అందుకే ఒక పాత కారు కొన్నారు. జ్యోతిర్మయి నెల రోజులు నేర్చుకుంది. లైసెన్సు వచ్చింది గాని, క్లచ్ ఇంకా మాట వినడం లేదు.

చివరికి ఒక ఒప్పందం కుదిరింది. ఇవాళ డ్రైవింగ్ మాస్టర్ రాజేంద్ర పక్కన కూర్చుంటాడు. కారు కుదుపు లేకుండా కదిలితే జ్యోతిర్మయి రోజూ వెళ్లి రోజూ వస్తుంది. కదలకపోతే కోటాలో ఊర్మిళ అనే స్నేహితురాలి గదిలో ఉండిపోతుంది.

"ఆదివారాలు వస్తాను కదా అత్తమ్మా" అంది జ్యోతిర్మయి ముందు రాత్రి.

"ఆదివారాలొత్తామన్నోల్లని శానామందిని సూసినాను" అంది అప్పయమ్మ.

సంచిలోని సగాలు చాలవనిపించింది ఆమెకు. గుమ్మం దగ్గరున్న కోడలి తెల్ల షూల్లో చేతికందిన ఒకదాన్ని తీసుకెళ్లి, మొగుడి పాత డ్యూటీ పెట్టెలో పడేసి మూత వేసింది. ఆ ఇనప పెట్టెను ఆయన రిటైరయ్యాక ఎవరూ తెరవలేదు.

ఏడింటికి రాజేంద్ర స్కూటరు మీద వచ్చి, దాన్ని కారుకు రెండు బారల ముందు నిలబెట్టాడు. జ్యోతిర్మయి గుమ్మంలో వంగి వెతుకుతోంది.

"అత్తమ్మా, నా ఎడమ షూ ఏదీ?"

అప్పయమ్మ వీధి వైపు చూసింది. "ఏటో... కుక్కేటైనా అట్టుకుపోనాదేమో."

ఆ మాట అక్కడితో ఆగలేదు. శంకరరావు లుంగీ ఎగ్గట్టి నేరుగా ఎదురింటి నీలవేణి గేటు దగ్గరకు వెళ్లాడు. "మీ కుక్క మా కోడలి షూ తినేసిందా?"

నీలవేణి తన షేరూను గొలుసుతో సహా రోడ్డు మీదకు తెచ్చింది. "సూడండి బాబూ, నోరు తెరిసి సూడండి. మా షేరూ సికెన్ తప్ప ముట్టడు. మీ రబ్బరు తినే కర్మేటి ఆడికి?"

షేరూ నోరు తెరవడం చూడటానికి వీధిలో పదిమంది పోగయ్యారు.

మిగిలిన ఎత్తు చెప్పులతో నేర్పనన్నాడు మాస్టర్. వట్టి కాళ్లతో అసలే వద్దన్నాడు. శంకరరావుకు ఉపాయం తట్టింది. "నా డ్యూటీ బూట్లున్నాయి గదా. ముప్పై ఆరేళ్లలో ఒక్కసారి జారలేదు. పెట్టెలోనే ఉన్నాయి, ఉండమ్మా."

"మీరుండండి, నాను తెత్తాను" అని అప్పయమ్మ పరుగెత్తింది. పెట్టె ఓరగా తెరిచి, తెల్ల షూను పక్కకు నెట్టి, బూట్లు తీసి, మళ్లీ మూత వేసింది. ముందు ఇనుము పొదిగిన బూట్లు. తొమ్మిదో నంబరు. జ్యోతిర్మయి పాదం అందులో బావిలో బొక్కెనలా తిరుగాడింది.

కారు స్టార్టయింది. కప్పలా ఒక్క గెంతు గెంతి ఆగిపోయింది. మళ్లీ స్టార్టయింది, మళ్లీ గెంతింది, మళ్లీ ఆగింది.

"మేడమ్, విద్యంతా ఎడమ కాల్లోనే ఉంది" అన్నాడు రాజేంద్ర హిందీలో. "క్లచ్‌ని మెల్లగా వదలాలి. కారు సన్నగా వణుకుతుంది చూడండి, అక్కడ ఒక్క క్షణం ఆగాలి. ఆ వణుకు పాదానికి తెలియాలి."

"భయ్యా, ఈ బూట్లో నాకు నా పాదమే తెలీటం లేదు."

కిటికీ పక్కన నిలబడి అప్పయమ్మ అంతా వింది. విద్యంతా ఎడమ కాల్లోనే ఉందట. తాను దాచింది ఎడమదే. కుడిది చేతికందినా బాగుండేది.

"మా ఇంజనుకి ఈ క్లచ్చుల గొడవే లేదు" అన్నాడు శంకరరావు పదిమందికీ వినబడేలా. "స్టీరింగూ లేదు. పట్టా ఎటెల్తే అటే. నాను బండెత్తితే గ్లాసులో టీ తొనికేది కాదు."

మూడోసారి కారు ఆగిపోయింది. బండి దారిలో నిలిచిపోతే చక్రానికి చెక్క అడ్డం పెట్టాలన్నది రైల్వే నియమం. శంకరరావు ఒంట్లో ఆ నియమం ఇంకా రిటైరవలేదు. చెక్క దొరక్క, ఒక ఇటుక తెచ్చి ముందు చక్రానికి అడ్డం పెట్టాడు. తన బాధ్యత తీరిందనుకున్నాడు. ఎవరికీ చెప్పలేదు.

జ్యోతిర్మయి మళ్లీ ప్రయత్నించింది. కారు కదల్లేదు. "రేస్ ఇవ్వండి" అన్నాడు మాస్టర్. ఇచ్చింది. కదల్లేదు. "ఇంకా ఇవ్వండి." ఇచ్చింది. షేరూ మొరిగాడు. ఉలిక్కిపడి ఆమె ఎడమ బూటు మొత్తంగా పైకెత్తేసింది. కారు ఇటుకెక్కి దూకి, ముందున్న స్కూటరును ముట్టె తాకించి మురిక్కాలవలోకి తోసి ఆగింది.

స్కూటరు చక్రం ఒకటి గాలిలో తిరుగుతూ ఉంది.

"మేడమ్," అన్నాడు రాజేంద్ర కారు దిగి, "మీరు కోటాలో గది తీసుకోండి. ఇది నా సలహా కాదు. నా స్కూటరు సలహా."

స్కూటరును పైకి లాగి, బాగుచేయిస్తామని శంకరరావు వెంటపడి చెబుతున్నా వినకుండా, దాన్ని తోసుకుంటూ వెళ్లిపోయాడు. జ్యోతిర్మయి బూట్లు విప్పి లోపలికొచ్చి, సంచి భుజాన వేసుకుంది.

"బస్, చాలు, అయిపోయింది అత్తమ్మా. ఊర్మిళకి ఫోన్ చేసేస్తాను. ఇంక లోకల్లో పోతాను."

అప్పయమ్మ గుమ్మానికి ఆనుకుని నిలబడింది. కోడలు తిరిగి రావాలని దాచిన షూనే కోడల్ని పంపేస్తోంది. తీసి ఇచ్చేస్తే ఇవాళ జత పూర్తిగా గడప దాటుతుంది. ఒకసారి అలా దాటింది. అన్న పైడిరాజు పనికని కట్నీ వెళ్లిన రోజు సంచి సర్దింది తానే. పదిహేడేళ్ల పిల్ల, అన్నకు ఏ లోటూ రాకూడదని కొత్త చెప్పులు రెండూ తుడిచి మరీ పెట్టింది.

జ్యోతిర్మయి గడప మీద కాలు పెట్టింది.

"ఉండు" అంది అప్పయమ్మ. వెళ్లి ఇనప పెట్టె తెరిచి షూ తెచ్చింది. "కుక్క కాదమ్మా. నానే. నువ్వు తిరిగి రావాలనే దాసినాను."

జ్యోతిర్మయి షూను చూసింది. అనుమానం వచ్చి సంచి జిప్పు తీసింది. ఒంటి మేజోడు, ఒంటి గలేబు, ఒంటి జూకా. కోప్పడటానికి నోరు తెరిచింది గాని, నవ్వు ముందొచ్చింది.

"అంటే దిలీప్ మేజోళ్లు కూడా...?"

"ఆడికి సెప్పకు."

షూ తొడుక్కుని కారు దగ్గరకొచ్చిన జ్యోతిర్మయికి చక్రం కింద ఇటుక కనబడింది.

"అచ్ఛా మావయ్యా, ముందు ఆ ఇటుక తీసేయ్. అత్తమ్మా, గ్లాసు నిండా టీ పట్టుకుని వెనక సీట్లో కూర్చో. తొణికితే నేను గదికి పోతాను. లేకపోతే రోజూ ఇంటికే."

అప్పయమ్మ అంచు దాకా టీ పోసుకుని కూర్చుంది. గ్లాసును రెండు చేతులతో పట్టుకుంది. జ్యోతిర్మయి పాదం మెల్లగా లేచింది. కారు సన్నగా వణికింది. పాదం అక్కడ ఆగింది. తరువాత నీలవేణి గేటు దానంతటదే వెనక్కి జరిగినట్టయింది. కారు కదిలిందని అప్పయమ్మకు అలా తెలిసింది. వీధి చివరి దాకా వెళ్లి తిరిగొచ్చారు. షేరూ కూడా మొరగలేదు. టీ చల్లారింది గాని తొణకలేదు.

శంకరరావు గ్లాసులోకి తొంగిచూసి, "మా డిపార్ట్‌మెంటులో తీసుకోవచ్చు" అన్నాడు.

అప్పయమ్మ కొంగు ముడి విప్పి జూకా ఇవ్వబోయింది. జ్యోతిర్మయి ఆ చేతిని మూసేసింది. "అదుంచు. ఈ జతని నేనే సగం చేస్తున్నాను." రెండోది సంచిలోంచి తీసి ఒక్క చెవికే పెట్టుకుంది. సంచి ఇంట్లో వదిలేసింది. "వెళ్లొస్తాను" అంది.

సాయంత్రం ఆరూ నలభైకి కారు గేటు ముందు చప్పుడు లేకుండా ఆగింది. మధ్యాహ్నం మూడింటి నుంచీ అప్పయమ్మ అక్కడే నిలబడి ఉంది.

"ఒక చెవికేనా అని మేనేజర్ అడిగారు" అంది జ్యోతిర్మయి దిగుతూ.

"ఏటన్నావు?"

"రెండోది ఇంట్లో డ్యూటీలో ఉందన్నాను."

అప్పయమ్మ సాగనంపిన వాళ్లలో తిరిగి రానివాళ్లు ఇద్దరు: పంతొమ్మిది వందల డెబ్బై తొమ్మిది నవంబరులో కట్నీ బండెక్కిన అన్న పైడిరాజు, ఈ ఏడాది జులై ఏడో తేదీ సోమవారం ఉదయం ఎనిమిదింటికి స్కూటరు తోసుకుంటూ వెళ్లిన డ్రైవింగ్ మాస్టర్ రాజేంద్ర.