నీలంగానే ఉంది, ఎక్కండి

కంప్యూటర్‌కి బోల్టు కనబడకపోవడం కంటే గొప్ప వరం మనుషులకి ఇంతవరకూ దొరకలేదని నేను ఘంటాపథంగా చెబుతున్నాను. కాదన్నవాళ్ళు ముందుకు రండి, తేల్చుకుందాం.

నేను కాలేజీ గడప తొక్కినవాణ్ణి కాదు. వీడియోలు చూసి, తిట్లు తిని, ఈ పని నేర్చుకున్నాను. బస్సులకు రంగులు వేసే వర్క్‌షాప్‌లో, మేడమీద గదిలో నా కుర్చీ. ఒక సాఫ్ట్‌వేర్‌లో గీసిన వస్తువును ఇంకో సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించడం నా ఉద్యోగం. దీన్నే ఇంపోర్ట్ అంటారు. మొదటిది బొమ్మ గీస్తుంది. రెండోది ఆ బొమ్మ మీద బరువు పెట్టి, విరుగుతుందో నిలుస్తుందో రంగుల్లో చూపిస్తుంది. ఎరుపు వస్తే ప్రమాదం. నీలం వస్తే సంతకం.

ఈ రెండు సాఫ్ట్‌వేర్లూ పంపకాలైపోయిన అన్నదమ్ముల్లాంటివి. ఒకడు పంపింది ఇంకొకడు పంపినట్టు తీసుకోడు. మిల్లీమీటర్లలో గీసి పంపితే మీటర్లనుకుంటాడు. నట్టు కింద వేసే, అరచేతిలో ఇమిడే వాషర్ బిళ్ళ ఆటస్థలమంత అయి కూర్చుంటుంది. దీన్ని మా వాళ్ళు తిడతారు. ఎందుకండీ తిట్టడం? ఇళ్ళ కొరత తీరే మార్గం ఇదే కదా! మీ ఒంటిగది వాటాను ఒక్కసారి ఇంపోర్ట్ చేయించుకోండి. మంచం దగ్గర్నుంచి పొయ్యి దగ్గరికి వెళ్ళాలంటే బస్సెక్కాలి.

ఇంకో బటన్ ఉంది. గాయాలు మాన్పే బటన్. బొమ్మలో అంచులు కలవకపోయినా, ఎక్కడైనా సందు కనిపించినా, అది నొక్కితే చాలు, పూడిపోతుంది. ఎందుకు పగిలింది, ఎవరు పగలగొట్టారు అని అడగదు. ఆసుపత్రి వరండాలో బెంచీల మీద పడిగాపులు కాసేవాళ్ళకి ఈ సంగతి ఎవరైనా చెప్పారా? రోడ్డు మీద గుంతల్లో నడుములు విరగ్గొట్టుకునేవాళ్ళకి? చెప్పరు. పనికొచ్చే విషయాలు జనానికి ఎవరూ చెప్పరు.

సరే, ఇవన్నీ చిల్లర వరాలు. అసలు వరం బోల్టు దగ్గరుంది.

బోల్టు చిన్నది. పైగా ఒళ్ళంతా మరలు. అన్ని మరలనూ లెక్కలోకి తీసుకోవాలంటే కంప్యూటర్‌కి ఊపిరాడదు. అందుకని, “చిన్న భాగాలను తొలగించమంటారా?” అని ఎంతో మర్యాదగా అడుగుతుంది. అవునంటే బోల్టులన్నీ మాయం. మరి ముక్కలు దేన్ని పట్టుకుని నిలబడతాయి? అక్కడే ఉంది దాని గొప్పతనం. ఒకదానికొకటి తగులుతున్న ముక్కలన్నిటినీ అది తనంతట తానే అతికించేస్తుంది. మనం అడగక్కర్లేదు. ఒకసారి తగిలితే ఇక జన్మలో విడిపోవు!

ఎంత చల్లని లోకమో ఆలోచించండి. మా అన్నా వదినా గొడవపడితే ఒకే సోఫాకు చెరో కొసనా కూర్చుని గోడ చూస్తారు. ఇంపోర్ట్ చేస్తే, ఒకే సోఫాకు తగిలిన పాపానికి ఇద్దరూ సోఫాతో సహా ఒకే ముక్క అయిపోతారు. ఊగే కుర్చీ కాలు ఊగదు. ఊడిన గొళ్ళెం ఊడదు. రద్దీ బస్సులో ఎవరి భుజం తగిలిందో, చచ్చేదాకా వాళ్ళతోనే కాపురం. కూటమి కట్టిన పార్టీలకైతే ఇంతకంటే ఏం కావాలి?

ఇప్పుడు మా వర్క్‌షాప్‌లో ఈ వరం ఎలా పనిచేసిందో వినండి.

బస్సు పైభాగానికి రంగు కొట్టడానికి చక్రాలున్న ఎత్తు స్టాండ్లు తయారుచేశారు. పైన మనిషి నిలబడే పలక, చుట్టూ నడుమెత్తు రెయిలింగ్. రెయిలింగ్‌ను పట్టి ఉంచేది బోల్టులే. బొమ్మ నా దగ్గరికొచ్చింది. ఇంపోర్ట్‌లో బోల్టులు పోయాయి. రెయిలింగ్ పలకకు అతుక్కుపోయింది. నేను వెళ్ళి డిజైన్ పెద్దసారుకి చెప్పాను.

“సార్, ఇందులో బోల్టులు లేవు. ఇది మన స్టాండు కాదు.”

“రంగేమొచ్చింది?”

“నీలం.”

“మరింకేం,” అని సంతకం పెట్టారు.

ఆ స్టాండు మీద నిలబడి రంగు కొట్టేది మా వదిన. సోఫా కొసన కూర్చునే వదినే. ఒకరోజు విరామంలో, మాస్కు గడ్డం కిందికి లాక్కుని మేడెక్కి వచ్చింది.

“ఏం మరిదీ, మీ స్టాండు నన్ను ఉయ్యాల ఊపుతోంది. నిద్రొస్తోంది నాకు.”

“పెద్దసారుకి చెప్పావా వదినా?”

“చెప్పా. బొమ్మ చూపించాడు. నిలువునా నీలంగా ఉంది. నేను కిందపడినా ఒళ్ళు ఆ రంగులోకే తిరుగుతుంది గదా సార్, మ్యాచింగు కుదురుతుంది అన్నా. నవ్వలేదు.”

ఆమె అడిగింది పెద్ద కోరికేం కాదు. స్టాండును అటూ ఇటూ ఈడ్చేటప్పుడు అదురుకి నట్లు వదులవుతున్నాయి. వదులు కాని లాక్ నట్లు వేయమంది. దానికి పెద్దసారు ఇచ్చిన జవాబును బంగారు అక్షరాలతో రాయించాలి.

“అసలు బోల్టులే లేకుండా నిలబడిన స్టాండమ్మా ఇది. ఉన్నవి కాస్త వదులైతే ఏమవుతుంది?”

ఈ తర్కాన్ని ఎదుర్కోగల మగాడు ఎవడైనా ఉన్నాడా? వదిన మాస్కు పైకి లాక్కుని వెళ్ళి మళ్ళీ స్టాండెక్కింది.

కొన్నాళ్ళకు ఆ స్టాండ్లను కొనడానికి బయటి కంపెనీవాళ్ళు వచ్చారు. పెద్దసారు స్టాండెక్కి చెయ్యి ఊపాలి, ఫొటో తీయాలి. షెడ్డులో అందరం చుట్టూ చేరాం. ఆయన మొదటి మెట్టు మీద కాలు పెట్టి, పై నుంచి దిగే రెయిలింగ్‌ను పట్టుకున్నారు. చేతి కింద అది చిన్నగా కదిలింది. ఆయన ఆగారు. పక్కనున్న ఫిట్టర్ వైపు వంగి, కొనేవాళ్ళకి వినపడకుండా అడిగారు.

“బోల్టులు బిగించారా?”

ఫిట్టర్ కంటే ముందు వదిన అందుకుంది.

“బోల్టులెక్కడివి సార్? బొమ్మలో లేవుగా.”

ఈసారి కూడా ఆయన నవ్వలేదు. కాలు మాత్రం నేల మీదికి వచ్చేసింది.

అంతవరకూ అక్కర్లేదన్న లాక్ నట్లు ఎక్కణ్ణుంచి ఊడిపడ్డాయో తెలియదు. స్పానర్లు పరిగెత్తుకొచ్చాయి. ప్రతి బోల్టునూ బిగించారు. బిగించినవాటిని మళ్ళీ లాగి చూశారు. అప్పుడు ఆయన ఎక్కారు, చెయ్యి ఊపారు, దిగారు.

నాకు కడుపు మండిపోయింది. సాఫ్ట్‌వేర్‌కి ఎంత అవమానం! తాను సంతకం పెట్టిన నీలాన్ని తానే నమ్మకపోతే ఇక లోకంలో ఎవరు నమ్ముతారు? అందుకే సాఫ్ట్‌వేర్ తయారుచేసేవాళ్ళకి నాదొక డిమాండ్. బోల్టులు తీసేయండి, మరలు తీసేయండి, అడ్డు చెప్పను. ప్రతి బొమ్మలోకీ ఒక్క భాగాన్ని మాత్రం తప్పనిసరిగా ఇంపోర్ట్ చేయండి. సంతకం పెట్టినవాడి కాలు. దాన్ని చిన్న భాగమని తొలగించే బటన్ ఎవరికీ ఇవ్వకండి.

ఫొటోలో పడిన ఆ స్టాండును కడిగి, తుడిచి, ఆఫీసు గుమ్మం ముందు నిలబెట్టారు. చుట్టూ తాడు కట్టారు, ఎవరూ ఎక్కకుండా. లాక్ నట్లున్నది దానికొక్కదానికే.

మిగతావి షెడ్డులో ఉన్నాయి. సంతకాలు పెట్టేవాళ్ళెవరూ వాటి మీద ఎక్కరు కనుక అవన్నీ ఇప్పటికీ నీలంగానే ఉన్నాయి. ఇవాళ పొద్దున కూడా మా వదిన వాటిలో ఒకదాని మీద ఎక్కింది.