తొలి లబ్ధిదారు గుమ్మం

"రాష్ట్రంలో ఇకపై ఏ చెట్టూ తన యజమానికి పరాయిది కాదు" అని స్వగృహ కలప శాఖామాత్యులు కిరీటి గారు బెంజ్ సర్కిల్ దగ్గర ఒక ఏసీ హాల్లో ప్రకటించారు. ఆ సమయంలో ఆయన వెనక కుడివైపున మూడో మనిషిని నేనే. చేతుల్లో బొకేలు పట్టుకుని ఉన్నాను. మా ఇంట్లో మొదటి డిగ్రీ నాది. ఆ డిగ్రీతోనే ఆయన క్యాంపు ఆఫీసులో ఔట్‌సోర్సింగ్ అసిస్టెంటుగా చేరాను. కాబట్టి జరిగింది జరిగినట్టు పాఠకులకు తెలియజేయడం నా విధి అనుకుంటున్నాను.

పథకం పేరు 'నా చెట్టు – నా గుమ్మం'. ఇల్లు కట్టుకునే పేదవాడు తన చెట్టు తానే కొట్టుకోవచ్చు. దుంగల్ని కోత మిల్లుకు తోలుకుపోయే బాధ కూడా లేదు. లారీ మీద బిగించిన మిల్లు అతని ఇంటికే వచ్చి, గుమ్మానికీ తలుపులకీ ఉచితంగా కోసిపెట్టి వెళ్తుంది.

ఒక విలేకరి లేచాడు. "సార్, తన చెట్టు తాను కోయించుకుంటానంటే ఇదివరకు మాత్రం ఎవరు కాదన్నారండీ?"

మంత్రి గారు చిరునవ్వు నవ్వారు. "ఇదివరకు ఊరికే కోయించుకునేవాళ్లు. ఇప్పుడు హక్కుగా కోయించుకుంటారు."

హాలంతా చప్పట్లు. నేనూ కొట్టాను. రెండు బొకేలు కిందపడ్డాయి.

తొలి లబ్ధిదారు కావలసివచ్చాడు. మంత్రి గారు కారెక్కుతూ "ఎవరైనా చెట్టున్నవాడు ఉన్నాడా?" అని అడిగారు. నేను చెయ్యెత్తాను. "మా నాన్న ఉన్నాడండీ."

ఉయ్యూరు దగ్గర మా ఊరు. మా నాన్న ఆమోసు పాతికేళ్ల కిందట మా అరెకరం గట్టు మీద రెండు తుమ్మ మొక్కలు పెట్టాడు, ఎప్పటికైనా ఇంటికి గుమ్మం అవుతాయని. మొన్న చలికాలంలో వాటిని కొట్టి, తాళ్లు కట్టి, పంట కాలువలో నానేశాడు. మూడు నెలలు నీళ్లలో నానిన తుమ్మకు పురుగు పట్టదు. ఈలోగా బాబీ మేస్త్రి గోడలు లింటెల్ ఎత్తుకు లేపి, ముందువైపు గుమ్మానికి ఖాళీ వదిలాడు. గుమ్మం నిలబెడితేగానీ లింటెల్ వెయ్యలేడు. లింటెల్ వేస్తేగానీ శ్లాబు లేదు. మేముండే తాటాకు పాక ఇంకో వానాకాలం ఆగేలా లేదు.

నేను వెళ్లేసరికి నాన్న ట్రాక్టరు మాట్లాడి ఉన్నాడు. తెల్లారితే దుంగలు ఉయ్యూరు మిల్లుకు పోవాలి.

"ట్రాక్టరు వద్దు నాన్నా. మిల్లే మనింటికి వస్తుంది" అన్నాను.

"మిల్లు ఇంటికొచ్చేదేంట్రా, పెళ్లిచూపులకా?" అంది మా అమ్మ సంపూర్ణమ్మ.

"గవర్నమెంటు పథకం అమ్మా. మంత్రి గారే స్వయంగా వస్తారు."

"వచ్చి? ఆయన రంపం పడతాడా?" అన్నాడు నాన్న.

"స్విచ్చి నొక్కుతారు."

"స్విచ్చి నొక్కేవోడు ఉయ్యూర్లో కూడా ఉన్నాడు గదరా బెన్నీ."

నేను పథకం కరపత్రం చదివి వినిపించాను. నాన్న చివరిదాకా విని, "చదువుకున్నోడివి. మాకంటే నీకే తెలుసుద్దిలే" అని ట్రాక్టరు వద్దని కబురు పంపాడు.

మర్నాడు స్పెషల్ ఆఫీసర్ సిద్ధార్థ గారు మూడు కార్లలో వచ్చారు. కష్టపడి పనిచేసే అధికారి. దిగుతూనే "చెట్టేదీ?" అన్నారు.

"కాలువలో ఉందండీ" అన్నాడు నాన్న.

"చెట్టు కాలువలో ఉండటమేంటి?"

"కొట్టి నానేశామండీ. రెండు దుంగలు."

సిద్ధార్థ గారు ఫైలు మూసేశారు. "పథకం పేరు నా చెట్టు. నా దుంగ కాదు. మంత్రి గారు తొలి వేటు వెయ్యాలి. పడుకున్న దుంగ మీద వేటేస్తే టీవీలో ఏం బాగుంటుందయ్యా? ఇంకో చెట్టు చూపించు."

"ఇంకోటి లేదు బాబూ."

ఆయన నాలుగు నిమిషాలు ఆలోచించారు. ఫోను చూడకుండా అంతసేపు ఆలోచించిన అధికారిని నేను చూడలేదు. తర్వాత ఒక్కటే మాట అన్నారు.

"నిలబెట్టండి."

క్రేను వచ్చింది. దుంగలు కాలువలోంచి లేచాయి. మా ఇంటి ముందు రెండు గోతులు తీసి, దుంగల్ని నిలబెట్టి, మొదట్లో కాంక్రీటు పోశారు. పైన పచ్చి తుమ్మ కొమ్మలు ఇనప తీగతో కట్టారు. రోడ్డు మీంచి చూస్తే చెట్లే. దగ్గరికెళ్లి చూసినా చెట్లే, కాస్త కాలువ వాసన తప్ప. ఒక కాకి వచ్చి వాలింది. సిద్ధార్థ గారు దాన్ని ఫొటో తీయించి నివేదికకు జతపరిచారు.

"అయ్యా, నీళ్లలోంచి తీసిన తుమ్మ నీడన ఆరాలండీ. ఇట్టా ఎండలో పెడితే చీలుద్ది" అన్నాడు నాన్న.

"ప్రోగ్రాం ఎల్లుండే కదయ్యా. రెండ్రోజుల్లో ఏం చీలుద్ది?"

ఎల్లుండి మంత్రి గారికి ఢిల్లీ పిలుపు వచ్చింది. తర్వాతి వారం మంచి రోజు లేదన్నారు. ఆ తర్వాత ఆయన గొంతు బాగాలేదు. అలా ఐదు సార్లు వాయిదాపడి నలభై రోజులు గడిచాయి. మూడ్రోజులకోసారి కొమ్మలు వాడిపోయేవి, సిబ్బంది మార్చేవారు. రోజూ ట్యాంకరు వచ్చి మొదట్లో నీళ్లు పోసేది.

"దుంగకి నీళ్లు పోస్తన్నారు గానీ, నాకో రెండు బిందెలు పట్టమంటే జీవో లేదంటన్నారు" అంది అమ్మ.

ఒకరోజు పచ్చదనం విభాగం వాళ్లు అటుగా పోతూ ఆగి, రెండు చెట్లకూ నంబర్లు వేసి, తాము నాటిన మొక్కల లెక్కలో రాసుకున్నారు. నెలలో ఇంత ఏపుగా ఎదిగిన మొక్కల్ని తమ సర్వీసులో చూడలేదని నాన్న చెయ్యి పట్టుకుని ఊపారు.

ఆకాశంలో మబ్బు కనబడినప్పుడల్లా బాబీ మేస్త్రి వచ్చేవాడు. "బెన్నీ, మీ మినిస్టరు ఎప్పుడొస్తాడో ఖాయంగా చెప్పు. వాన పడితే నీ డిగ్రీ కింద దూరతామా?"

ఎట్టకేలకు జూన్ రెండో వారంలో మంత్రి గారు వచ్చారు. వెండి రంగు వేసిన గొడ్డలితో తొలి వేటు వేశారు. గొడ్డలి ఎగిరి అవతల పడింది. "చూశారా, మన రైతు కలప!" అన్నారు. క్రేను రెండు చెట్లనూ మళ్లీ పడుకోబెట్టింది. లారీ మీది మిల్లు స్విచ్చి నొక్కారు. ఇందులో దాచేదేమీ లేదు, మిల్లు బ్రహ్మాండంగా కోసింది. ఎర్రటి పలకలు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. ఒకటి రెండింట్లో సన్నగా చీలికలున్నాయి. నాన్న ఒక్కో పలక మీద అరచెయ్యి పెట్టి నిమిరాడు. చీలిక లేని ఒక మొద్దు పక్కకు లాగి, "ఇది గడపకి" అన్నాడు.

అప్పుడు మంత్రి గారు అడిగారు. "శిలాఫలకం ఏదయ్యా?"

సిద్ధార్థ గారి ముఖం వాడిపోయింది. "రాయి తెచ్చే లారీ ఇబ్రహీంపట్నం దగ్గర ఆగిపోయిందండీ."

మంత్రి గారు పలకల వైపు చూశారు. ఆయన కళ్లు చెమర్చాయి. "రాయెందుకయ్యా, రైతు కలప ఉండగా!"

ఈ మాటకు లేచిన చప్పట్లు ఉయ్యూరుదాకా వినిపించి ఉంటాయి. నలుగురు వడ్రంగులు పలకలు జతచేశారు. ప్రోటోకాల్ ప్రకారం ముప్పై ఒక్క పేర్లు రాయాలి, అందువల్ల ఒక దుంగ పలకలు చాలక రెండో దుంగవి కూడా పట్టాయి. చుట్టూ చట్రానికి గడప మొద్దు వాడారు. చీలికల్లో లప్పం పెట్టి పెయింటరు పేర్లు రాశాడు. ముప్పై రెండో పేరు ఆమోసు. చోటు చాల్లేదు.

"ఇల్లే ఆయనది. మళ్లీ పేరెందుకు?" అన్నారు సిద్ధార్థ గారు.

ఫలకం తయారైంది గానీ నిలబెట్టడానికి దిమ్మె లేదు. మంత్రి గారు వాచీ చూసుకున్నారు. శాఖ ఇంజనీరు టేపు పట్టుకుని అటూ ఇటూ తిరిగి, మా ఇంటి ముందుగోడ దగ్గర ఆగి కేకపెట్టాడు. "సార్! ఈ ఖాళీ ఏడు బై మూడున్నర. మన ఫలకం కూడా ఏడు బై మూడున్నరే!"

"అది గుమ్మం చోటండీ" అన్నాడు బాబీ మేస్త్రి. "గుమ్మం కొలతలకి కోసిన చెక్క గాబట్టే సరిపోయింది."

"గుమ్మం పథకం ఫలకం గుమ్మంలో కాక ఇంకెక్కడుంటుందయ్యా?" అన్నారు సిద్ధార్థ గారు.

గుమ్మం కోసం బాబీ కలిపించిన సిమెంటు సిద్ధంగానే ఉంది. పావుగంటలో ఫలకం గోడలో బిగిసింది. మంత్రి గారు తెర లాగి, "ఆమోసు గారి ఇంటి తలుపులు ఈరోజు తెరుచుకున్నాయి" అని ప్రకటించారు.

నాన్న చేతులు కట్టుకుని అడిగాడు. "బాబూ, లోపలికి ఎటు పోవాలండీ?"

"మంచి ప్రశ్న" అన్నారు మంత్రి గారు. "రెండో దశలో పరిశీలిస్తాం." కార్లు వెళ్లిపోయాయి. మిల్లు లారీ కూడా వెళ్లిపోయింది.

ఫలకం కదిలిస్తే కేసవుతుందని మర్నాడు నోటీసు వచ్చింది. దాన్ని టైపు చేసింది నేనే. ఆ వారంలోనే వాన మొదలైంది. పాక ఒకవైపు కూలింది. బాబీ ఇక ఆగలేక లింటెల్ ఆ ఫలకం మీదుగానే వేశాడు. తెరిపి చూసి శ్లాబు పోశాడు. వెనకగోడ మనిషి పట్టేంత పగలగొట్టి, సభలో మిగిలిన ఫ్లెక్సీ వేలాడదీశాడు. దాని మీద మంత్రి గారు నమస్కారం పెడుతూ ఉంటారు.

మొన్న ఆదివారం గృహప్రతిష్ఠ ప్రార్థనకు పాస్టరు యేసుకుమార్ గారు వచ్చారు. ఏ ఇంటికైనా గడప మీద చెయ్యి పెట్టి ప్రార్థన మొదలుపెట్టడం ఆయన అలవాటు. గొడుగు నాకిచ్చి, రెండడుగులు వేసి, మా ఇంటి ముందు ఆగిపోయారు. ఫలకాన్ని పైనుంచి కిందిదాకా చదివారు. గడప కనబడక, దాని మీదే చెయ్యి ఆనించి కళ్లు మూసుకున్నారు.

వానకి లప్పం ఊడి, మంత్రి గారి పేరుకీ సిద్ధార్థ గారి పేరుకీ మధ్య చీలిక బాగా విచ్చుకుని ఉంది. అందులోంచి మా అమ్మ గొంతు వినిపించింది.

"అయ్యగారూ, ఇటుకాదండీ, ఎనకమాల నుంచి రండి. చెప్పులు ఇప్పమాకండి, బురద."