ఓడలో ఒక్కపొద్దు

ఆ పొద్దున మొండయ్య పెట్టుకున్న పని ఒక్కటే. రెండు ఇడ్లీలు తిని, ఓడ పైఅంతస్తులో కమ్మీ పట్టుకొని నిలబడి, తనివితీరా సముద్రం చూడాలి. బొగ్గుబాయిలో పనిచేసి రిటైరైన మనిషి. బతుకంతా భూమి కిందే గడిచింది కనుక, అన్ని నీళ్ళూ అంత వెలుతురూ ఒక్కచోట చూడటం ఆయనకు అదే మొదలు. అయితే మొండయ్య మంచి జరుగుతుందని నమ్మే రకం కాదు. ముంబైలో ఓడ ఎక్కి, తమకిచ్చిన గదికి కిటికీయే లేదని చూడగానే, "చూసినవా, మళ్ళ బాయిలకే దించిండ్రు" అన్నాడు భార్య నాగవ్వతో.

అసలు దిగులు గది గురించి కాదు, కడుపు గురించి. కొన్నాళ్ళుగా ఏది తిన్నా ఇమడక, ఒంటి మీది చొక్కా కొయ్యకు తగిలించినట్టు వేలాడుతుంటే, కరీంనగర్ డాక్టరమ్మ పరీక్షలన్నీ చేయించి సంగతి తేల్చింది. గోధుమల్లో గ్లూటెన్ అనే బంక ఉంటుంది, అది ఈయన పేగులకు పడదు. చపాతీ, పూరీ, బ్రెడ్డు, బిస్కెట్, రవ్వ ఉప్మా, ఏదీ ఇక జన్మలో ముట్టకూడదు. అక్కడికి మొండయ్యకు పెద్ద బాధేమీ లేదు. అన్నం, జొన్నరొట్టె తిని పెరిగిన ఒళ్ళు. కానీ చివర్లో ఆమె ఇంకో మాట అంది. "రక్తసంబంధం ఉన్నోళ్ళకు గూడ ఉండచ్చు. మీ బిడ్డకు ఒకసారి పరీక్ష చేయించుండ్రి."

ఆ బిడ్డ రేవతి. కిందటేడే పెళ్ళయింది, ఇప్పుడు కడుపుతో ఉంది. మామ విజయేందర్‌కు కరీంనగర్‌లో పెద్ద బేకరీ. ఆ ఇంటికి అన్నం పెట్టేదే గోధుమ. రోగమున్న ఇంటి పిల్లను అంటగట్టారని ఎక్కడ అంటారోనని మొండయ్య ఈ సంగతి భార్యకూ బిడ్డకూ తప్ప ఎవరికీ చెప్పలేదు. బిడ్డకు పరీక్ష కాన్పు తర్వాతే అని, అందాకా నోరు విప్పకూడదని భార్యతో ఒట్టు వేయించుకున్నాడు.

సరిగ్గా అప్పుడే విజయేందర్‌కు ఓడ మీద మనసు పోయింది. మనవడొస్తే మళ్ళీ తీరిక ఉండదని, వియ్యాలవారు నలుగురూ కలిసి లక్షద్వీప్ దాకా పోయి రావాలన్నాడు. రేవతే ఫోన్లో టికెట్లు తీసింది. నాగవ్వ ముందుజాగ్రత్తగా బియ్యప్పిండి సకినాలు, సర్వపిండి సంచినిండా కట్టింది. బయటి తిండి ఓడలోకి రానివ్వరని రేవులో తనిఖీ మనిషి ఆ సంచి తీసి పక్కన పడేసినప్పుడు, ఆమె ముఖం చూడలేక మొండయ్య తల తిప్పుకున్నాడు.

అలా మొదటి పొద్దున నలుగురూ భోజనాల హాల్లో కూర్చున్నారు. మొండయ్య ఇడ్లీల కోసం లేచేలోపే విజయేందర్ పళ్ళెం నిండా పూరీలు, బన్నులు తెచ్చి ఆయన ముందు పెట్టాడు.

"తినుండ్రి బావా. బన్ను పిసికి చూసిన. మన దుకాణంల అంత మెత్తగ లేదు గని, నడుస్తది."

"ఆకలి లేదు బావా."

"గట్లంటే ఎట్ల? మొన్న ఇంటికొచ్చినప్పుడు గూడ కేకు ముట్టలే. మా ఇంటి సరుకంటే గంత చులకనాయెనా?" విజయేందర్ నవ్వుతూనే అన్నాడు గానీ ఆ నవ్వులో చిన్న ముల్లుంది. తేన్పొకటి తీసి, జేబులోంచి గ్యాస్ గోలీ వేసుకున్నాడు. తిండికి ముందొకటి, తర్వాత ఒకటి వేసుకోవడం ఆయనకు అలవాటు.

వియ్యపురాలు మమతారాణి కూడా చెంచా కింద పెట్టి చూస్తోంది. మొండయ్యకు సోమవారం, వేములవాడ రాజన్న వారం అన్నది ఎక్కడినుంచో తట్టింది.

"ఇయ్యాల సోమారం గదా బావా. నాకు ఒక్కపొద్దు."

టేబుల్ కింద నాగవ్వ ఆయన కాలు గట్టిగా తొక్కింది. ఆ ఇంట్లో ఒక్కపొద్దులన్నీ ఆమెవే. మొండయ్య జన్మలో ఒక్కటీ ఉన్న పాపాన పోలేదు. ఉండి ఉంటే తెలిసేది, ఒక్కపొద్దు ఉన్నవాళ్ళు ముట్టనిది అన్నమని. కడుపు నింపుకునేది చపాతీతో, పూరీతో, గోధుమరవ్వతో.

"అయ్యో, ముందుగాల చెప్పద్దా అన్నయ్యా!" మమతారాణి రెండు చేతులూ జోడించింది. "కోడలి కాన్పు కోసమేనా మొక్కు?"

కాదని ఎలా అంటాడు? తల ఊపాడు.

"తండ్రంటే గట్లుండాలె. అయితే ఓడ దిగేదాక మెతుకు ముట్టరా?"

ఒకసారి ఊగిన తలను ఆపడం కష్టం. అది రెండోసారీ ఊగింది.

అప్పుడే ఒక సర్వర్ మూత పెట్టిన పళ్ళెం తెచ్చి, మొండయ్య ఎవరని అడిగి, ఆయన ముందు పెట్టాడు. మూత తీస్తే పొగలు కక్కే ఇడ్లీలు. ఇది సాబ్ పేరు మీద స్పెషల్‌గా చేసిందని హిందీలో చెప్పాడు.

"పెద్దమనిషని మర్యాద జేస్తుండ్రు" అని తేల్చింది మమతారాణి. "పాపం, ఇడ్లీల బియ్యముంటదని, అన్నయ్యకు పనికిరాదని వాళ్ళకేం ఎరుక?"

"పారేస్తే పాపం తగుల్తది" అంటూ విజయేందర్ ఆ పళ్ళెం తనవైపు లాక్కొని, తన పూరీలు కూడా మొండయ్యకే వడ్డించాడు. అంతటితో ఆగక సర్వర్‌ను పిలిచి, ఈ సాబ్‌కు అన్నం బంద్, పూటపూటకూ చపాతీలు, పూరీలు ఎక్కువ తేవాలని తన దుకాణపు హిందీలో గట్టిగా చెప్పాడు. సర్వర్ బిత్తరపోయి ఏదో అనబోయాడు. విజయేందర్ చెయ్యి ఊపి పంపించేశాడు.

ఇక ప్రతి పూటా అదే తంతు. మొండయ్య పేరు మీద మధ్యాహ్నం వేడి అన్నం, చేపల పులుసు వచ్చేవి. రాత్రి బియ్యం పాయసం వచ్చేది. అన్నీ విజయేందర్ తినేవాడు. "మీ ఒక్కపొద్దు నాకు పండుగైంది బావా" అని వేళ్ళు నాకేవాడు. మొండయ్య అరటిపండ్లతో, పెరుగుతో ప్రాణం నిలుపుకుంటూ, ఎవరూ చూడనప్పుడు చపాతీలను రుమాల్లో చుట్టి చొక్కా లోపలికి తోసేవాడు.

రెండో రోజు మమతారాణి గోధుమపిండి హల్వా చేయించి తెచ్చింది. "రాజన్న పేరు మీద చేపిచ్చిన. నోరు తెరువుండ్రి" అని చెంచాతో తానే పెట్టింది. దేవుడి పేరు, వియ్యపురాలి చెయ్యి, బిడ్డ కాన్పు మూడూ కలిసిన ముద్దను ఉమ్మే ధైర్యం ఎవరికుంటుంది? మొండయ్య మింగాడు. ఆ సాయంత్రమంతా ఆయన దొడ్డిగదిలోనే ఉన్నాడు. ఓడలో నీళ్ళ బటన్ నొక్కితే బాయిలో బ్లాస్టింగ్ చేసినంత మోత. పక్క గదిలో ఉన్నది వియ్యాలవారే కనుక, మొండయ్య ప్రతి పేలుడుకూ ముందు గట్టిగా దగ్గేవాడు.

"చెప్పెయ్యరాదు? సచ్చేటట్టున్నవ్" అంది నాగవ్వ ఏడుపు గొంతుతో.

"నేను సస్తే దినాలు చేసి ఊకుంటరు. బిడ్డ సంసారం పోతే ఎవలు తెచ్చిస్తరు?"

మర్నాటికి మంచం కింద దాచిన చపాతీలు వాసన పట్టాయి. గది ఊడ్చేవాళ్ళు చూస్తే పరువు పోతుందని, తెల్లవారుతుండగా ఇద్దరూ మూట పట్టుకొని పైకి పోయారు. మొండయ్య మొదటి చపాతీ విసిరాడు. గాలి దాన్ని తిప్పి తెచ్చి ఆయన చెంప మీదే కొట్టింది. ఇలా కాదని కమ్మీ మీదికి ఎక్కి, నడుము దాకా బయటికి వంగాడు. నాగవ్వ వెనకనుంచి చొక్కా పట్టుకొని, "పడ్తవయ్యా! నీ కాళ్ళు మొక్కుత, రా!" అని గోలపెట్టింది.

చూసేవాళ్ళకు అది చపాతీలు పారేయడంలా కనిపించదు. కాపలావాళ్ళు పరుగున వచ్చి మొండయ్యను నడుం పట్టి లాగి, ఓడ డాక్టర్ గదిలో మంచం మీద పడుకోబెట్టి, కదలకుండా ఇద్దరు చెరోవైపు నిలబడ్డారు. ముసలాయన సముద్రంలో దూకబోయాడని ఓడంతా పాకింది.

విజయేందర్, మమతారాణి వచ్చేసరికి డాక్టర్ మొండయ్య చెయ్యి పట్టుకొని, బతుకు మీద విరక్తి ఎందుకు కలిగిందని మెల్లగా అడుగుతున్నాడు.

మమతారాణి భోరుమంది. "మీ బిడ్డకు మేం ఏం తక్కువ చేసినమన్నయ్యా? గింత పని చేస్తె లోకం ఏమంటది? మేమే గోసపుచ్చుకున్నమంటరు. ఊరికి పోంగనే మీ బిడ్డను మీ ఇంటికే తోలిస్తం. మాకెందుకీ నింద?"

ఏ మాట వినకూడదని మొండయ్య ఇన్నాళ్ళూ కడుపు మాడ్చుకున్నాడో, ఆ మాట చెవిన పడనే పడింది. ఇక దాచి లాభం లేదు. లేచి కూర్చున్నాడు.

"దూకుడు లేదు, సావు లేదు చెల్లే. చపాతీలు పారేస్తున్న. నాకు గోధుమ పడది. తింటే పేగులు పాడైతయన్నది డాక్టరమ్మ. బిడ్డకు గూడ ఉండచ్చన్నది. మీకు చెప్తే ఏమంటరోనని ఒక్కపొద్దని అబద్ధమాడిన."

మమతారాణి కళ్ళు తుడుచుకోవడం ఆపింది. "అంటే రోగం దాచి మా ఇంటికి పిల్లను..." అని మొదలుపెట్టింది.

ఈలోగా నాగవ్వ డాక్టర్‌కు తనకొచ్చిన హిందీలో సంగతంతా చెప్పేసింది. డాక్టర్ వంటింటికి ఫోన్ చేసి మాట్లాడి, అయోమయంగా చూశాడు. గోధుమ పడదని టికెట్లు తీసినప్పుడే వీరి కూతురు తెలిపిందట, తండ్రికి ఆ మాట చెప్పడమే మరిచింది. అందుకని మొదటి పూట నుంచీ వేరే గిన్నెల్లో వండి పంపుతున్నారట. మరి అదంతా ఎవరు తిన్నారు?

అందరి చూపూ విజయేందర్ మీదికి తిరిగింది. ఆయన కుర్చీలో కూలబడ్డాడు. చెయ్యి మాత్రం పొట్ట మీద ఉంది.

"నేనే తిన్న" అన్నాడు. పొట్ట నిమురుకుంటూ, "డాక్టర్ సాబ్, ఒక్క మాట. బేకరీ పెట్టిన కాన్నుంచి నాకు ఉబ్బరం, గ్యాస్, మోషన్లు. తినని గోలీ లేదు. ఓడెక్కి బావ పళ్ళెం తిన్న కాన్నుంచి ఒక్క గోలీ ఎయ్యలే. సముద్రం గాలి మంచిదనుకున్న" అన్నాడు.

డాక్టర్ అడుగుతూ పోయాడు. నీరసముందా, రక్తం తక్కువుందా, ఒళ్ళు తగ్గిందా? ఒక్కో "హా"కూ విజయేందర్ గొంతు కిందికి దిగింది. పరీక్ష చేయనిదే చెప్పలేనన్నాడు డాక్టర్. అయితే పరీక్షలో తేలాలంటే అంతవరకు కొన్ని వారాలు గోధుమ తింటూ ఉండాలట.

"అంటే, రోగముందో లేదో తెల్వాల్నంటే మళ్ళ రోగమే తినాల్నా?" అన్నాడు విజయేందర్. మమతారాణి మొదలుపెట్టిన మాట ఎక్కడ ఆగిందో అక్కడే ఉండిపోయింది.

మధ్యాహ్నం ఓడ మీద మబ్బు కమ్మింది. సముద్రం బూడిదరంగులో ఏ ఆసక్తీ లేకుండా పడి ఉంది. పైఅంతస్తులో కమ్మీ పట్టుకొని ఉన్న మొండయ్య పక్కన విజయేందర్ వచ్చి నిలబడ్డాడు. ఆయన మొహం మీద అమ్ముడుపోని సరుకు చూసుకునే దుకాణదారుడి దిగులు.

"బావా, ఒక్కటే అడుగుత. కోడలికి నా రోగం సంగతి ఇప్పుడే చెప్పకుండ్రి. మీ చెల్లె పొద్దటిసంది గదే పరేషాన్. రోగం దాచి పెండ్లి చేసిండ్రని రేపు పిల్ల మమ్ముల అంటే, మొహం ఏడ పెట్టుకోవాలె?"

మొండయ్య పెద్దమనసు చేసుకొని మాటిచ్చాడు. అంతగా తెలిసిపోతే, మామను క్షమించమని బిడ్డకు తానే నచ్చజెబుతానన్నాడు.