పచ్చికబయలు పూలకు వలసంచులు

ప్రకృతికి క్రమశిక్షణ లేదన్న సంగతిని ప్రభుత్వం ఎట్టకేలకు గుర్తించింది. ఊరి చివర పచ్చికబయలులో తేనెటీగలు ఇష్టం వచ్చినప్పుడు వచ్చి, ఇష్టం వచ్చిన పువ్వు మీద వాలి, ఎవరికీ చెప్పాపెట్టకుండా పుప్పొడిని ఒకచోటి నుంచి మరోచోటికి తరలిస్తున్నాయట. (యుగాలుగా ఇదే తంతు. అడిగే నాథుడు లేడు.) అందుకని పరాగ సంపర్క క్రమబద్ధీకరణ శాఖ వెలిసింది. శాఖకు అధికారి, అధికారికి జీపు, జీపుకు డ్రైవరు వచ్చారు. పచ్చికబయలు మాత్రం ముందు నుంచీ ఉంది.

అనుమతి లేని పురుగులు వాలకుండా ప్రతి పువ్వుకూ సన్నటి వలసంచి తొడగాలన్నది శాఖ తొలి నిర్ణయం. సిబ్బంది గడ్డిలో మోకాళ్ల మీద పాకుతూ, పసిపిల్లలకు టోపీలు పెట్టినంత ముద్దుగా సంచులు తొడిగారు. అనుమతి ఉన్న ఈగ వచ్చినప్పుడు సంచి విప్పుతారు. విప్పే పని వేరే విభాగానిది. ఆ విభాగం ఇంకా ఏర్పడలేదు.

బయలు గట్టున మా మేనత్తకు తేనెపెట్టెలున్నాయి. మావయ్య పోయాక ఆవిడ బతుకూ, మాటామంతీ అంతా ఆ ఈగలతోనే. బయలులో పూలు విరిసేది కొద్దిరోజులే. అప్పుడు తేనె దాచుకోకపోతే ఈగలకు తిండి ఉండదు. అత్తయ్య కాళ్లరిగేలా ఆఫీసు చుట్టూ తిరిగింది. ఒకరోజు తోడుగా నేనూ వెళ్లాను, నోరు మూసుకుని కూర్చుంటానని మాటిచ్చాక.

"నా ఈగలు ఆకలితో ఉన్నాయి బాబూ. ఆ సంచులు తీయించండి," అంది అత్తయ్య.

"మీ ఈగలు ఏ పువ్వు మీద ఎప్పుడు వాలతాయో ముందే రాసిచ్చారా అమ్మా?" అన్నాడు అధికారి. మనిషి మర్యాదస్తుడే. కుర్చీ కూడా వేయించాడు.

"అవి నాకు చెప్పి వెళ్తాయా నాయనా?"

"మా బాధా అదేనమ్మా. పోనీ, ఓసారి వాటినే తీసుకురండి. ఫొటో దిగి, వేలిముద్ర వేసి వెళ్తాయి."

"వాటికి వేళ్లుండవు."

అధికారి వేళ్లు లేనట్టు డాక్టరు దగ్గర రాయించుకు రమ్మన్నాడు. నేను మాట తప్పాను.

"సంచిలో ఉన్న పువ్వు గింజ కట్టదు కదండీ. ఇలాగైతే కొన్నాళ్లకు పూలే ఉండవు," అన్నాను.

"గింజలు మా పరిధిలోకి రావండీ. మాది పూల వరకే."

నాకు ఒళ్లు మండిపోయింది. (గదిలో ఫ్యాను ఉంది, తిరగదు.)

పూలు సంచుల్లోనే విరిశాయి, సంచుల్లోనే వాడిపోయాయి. అత్తయ్య పంచదార నీళ్లు పెట్టి చూసింది. కొన్నాళ్లు తాగాయి. ఓ ఉదయం చూస్తే పెట్టెలు ఖాళీ. ఆవిడ వాటి పక్కనే కూలబడి, నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది.

శాఖకు మాత్రం పురస్కారం వచ్చింది. ఒక్క పురుగు కూడా ముట్టని పచ్చికబయలు దేశంలో మరొకటి లేదట. ఆ సభలోనే పైఅధికారి ఒకరు గింజలేవని అడిగేసరికి కంగారు పుట్టి, ఆలస్యంగా పూసిన నాలుగు మొక్కలకైనా చేత్తో పుప్పొడి అద్దించాలని తీర్మానించారు. అనుభవం ఉన్నవారికి ప్రాధాన్యం. బయలు మిగిలితే ఈగలు మళ్లీ వస్తాయేమోనని అత్తయ్య ఆ పనికి ఒప్పుకుంది.

ఇప్పుడు ఆవిడ రోజూ పొద్దున్నే చిన్న కుంచె పట్టుకుని, నడుము పట్టేస్తున్నా వంగి, పువ్వు నుంచి పువ్వుకు తిరుగుతోంది. హోదా తేనెటీగ, తాత్కాలికం. ఎగరడం రానందువల్ల ఉద్యోగం ఖాయం చేయలేమన్నారు.