రికార్డు దగ్గింది

ఆడిటరుగారు రిటైరయ్యారు గానీ ఆయన అనుమానాలు రిటైరవలేదు. ఇన్నేళ్ళూ ఊరందరి లెక్కల మీదా పరుచుకున్న అనుమానమంతా ఇప్పుడు ఒక్క ఇంటిమీద, ఆ ఇంట్లో ఉన్న ఒక్క ఇల్లాలిమీద వచ్చి పడింది. గడియారం ఎందుకు వెనకబడింది, పాలు ఎందుకు పొంగాయి, పక్కింటావిడ ఎవర్ని చూసి నవ్వింది... అన్నిటికీ ఆయనకి సంజాయిషీ కావాలి.

ఆ ఇల్లాలు బస్‌స్టాండులో మైకు ముందు కూర్చుని, ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తోందో చెబుతుంది. అక్కడ అందరికీ ఆవిడ మైకమ్మగారు. రిటైరయ్యే వయసు దాటిపోయినా, ఆ గొంతు లేకపోతే బస్సులు కదలవేమోనని భయపడే మేనేజరు ఏటికేడాదీ ఉద్యోగం పొడిగిస్తూ వచ్చాడు.

ఇంట్లో కూర్చున్న మొదటి వారంలోనే ఆడిటరుగారు తీర్పు చెప్పేశారు.

"అరవై మూడేళ్ళొచ్చాయి. ఇంకా ఈ అరుపులేమిటోయ్? నాలాగా హాయిగా ఇంట్లో కూర్చో."

"మీరు హాయిగా ఉన్నట్టు నాకెక్కడా కనబడట్లేదండీ."

ఆ మాట ఆయనకి గుచ్చుకుంది. గుచ్చుకున్న మనిషి ఊరుకుంటాడా? ఆవిడకి తెలియకుండా బస్‌స్టాండుకి వెళ్ళి మేనేజరు చెవిలో వేశారు: మా ఆవిడకి జ్ఞాపకం తప్పుతోంది, గొంతు వణుకుతోంది, మీరే మర్యాదగా పంపించెయ్యండి. మేనేజరు అంతా విని, "అలాగే సార్" అని తలూపాడు. ఆ సాయంత్రం ఆవిడ ఇంటికొచ్చి, చెప్పులు విప్పుతూ, "మానేశానండీ" అంది. ఏడుపు లేదు, దెబ్బలాట లేదు.

మొదటి అనుమానం ఆయనకి అక్కడే పుట్టింది.

బస్‌స్టాండు వాళ్ళ ఇంటికి రెండు వీధుల అవతల. గాలి ఇటు తిరిగితే మైకు మాటలు బాల్కనీలోకి వచ్చి పడతాయి. మర్నాడు పొద్దున ఆవిడ వాకింగుకని వెళ్ళిన కాసేపటికి, "ప్రయాణికులు దయచేసి నాలుగో ప్లాట్‌ఫారం మీదికి రావలెను" అని సాక్షాత్తూ ఆవిడ గొంతే వినిపించింది. ఆడిటరుగారి చేతిలో కాఫీ సగం లుంగీ మీద ఒలికింది.

ఆవిడ భోజనాల వేళకి తిరిగొచ్చింది.

"బస్‌స్టాండులో నీ గొంతు వినబడింది."

"రికార్డండీ. మానేసే ముందు అన్నీ నాచేత చదివించి పెట్టుకున్నారు."

"రికార్డు మధ్యలో దగ్గింది!"

"ఆ రోజు నాకు జలుబు."

"వాన పడుతోంది, మెట్లమీద జాగ్రత్త అని కూడా అంది."

"వానకి వేరే రికార్డుందండీ."

"మరి ఎండకి?"

"ఎండకీ ఉంది. కూర వేసుకోండి, చల్లారిపోతోంది."

ఆయన కూర వేసుకున్నారు గానీ మాట మింగుడు పడలేదు. ఆ రోజునుంచి నిఘా మొదలైంది. ఆవిడ ఇంట్లో ఉన్నంతసేపూ మైకులో ఎవడో నోట్లో గులకరాయి పెట్టుకున్నట్టు మాట్లాడతాడు. ఆవిడ గడప దాటగానే రికార్డు మోగుతుంది. పైగా రోజూ పొద్దున్నే ఉప్పునీళ్ళు పుక్కిలిస్తుంది. వాకింగుకి గొంతుతో ఏం పని?

"మధ్యాహ్నం పూట నీ రికార్డెందుకు రాదు?" అని నిలదీశారు ఓరోజు.

"మెషీన్‌కి విశ్రాంతి ఇస్తారండీ. వయసైతే విశ్రాంతి కావాలని మీరే అంటారుగా."

అనుమానం ఉంటే చాలదు, ఆడిటరన్నవాడికి రుజువు కావాలి. రుజువు దొరికితే ఇక మేనేజరుతో పనిలేదు, నేరుగా పై ఆఫీసుకే వెళ్ళడం. జ్ఞాపకం లేని మనిషిని మైకు ముందు కూర్చోబెట్టారని ఒక్క ముక్క అంటే చాలు, ఆవిడ ఉద్యోగం ఆ సాయంత్రానికే ఆఖరు. రాత్రంతా ఆలోచించి ఆయన ఒక ఉపాయం కనిపెట్టారు. రికార్డు ముందుగా చదివిందే చెబుతుంది. అప్పటికప్పుడు పుట్టిన వార్త చెప్పలేదు. కనుక ఒక వార్త పుట్టించాలి.

మర్నాడు టోపీ, నల్లకళ్ళద్దాలు పెట్టుకుని బస్‌స్టాండులో విచారణ కిటికీ దగ్గర నిలబడ్డారు.

"మా అన్నయ్య తప్పిపోయాడు. మైకులో చెప్పించాలి."

"గుర్తులు చెప్పండి" అన్నాడు కిటికీలో గుమాస్తా.

ఆ సంగతి ఆయన ఆలోచించుకోలేదు. జన్మంతా ఇతరుల అబద్ధాలు పట్టుకోవడమే గానీ, సొంతంగా ఒకటి ఆడిన అలవాటు తక్కువ. కంగారులో కిందికి చూసుకుంటే తన చొక్కాయే కనిపించింది.

"నీలం గళ్ళ చొక్కా... అరవై ఐదేళ్ళుంటాయి... బట్టతల."

గుమాస్తా ఆయన్ని ఎగాదిగా చూశాడు. "అచ్చం మీలాగే ఉంటారన్నమాట."

"కవలలం."

"కవలలైతే మరి అన్నయ్య ఎలా అయ్యాడు సార్?"

"తొందరపడి ముందు పుట్టాడు! చెప్పిస్తారా లేదా?"

ఆయన ఓ స్తంభం చాటుకి వెళ్ళి చెవులు రిక్కించి నిలబడ్డారు. మైకు గరగరమంది. ఆవిడ గొంతే. వణుకూ లేదు, తడబాటూ లేదు.

"ప్రయాణికులకు విజ్ఞప్తి. ఒక పెద్దాయన తప్పిపోయారు. నీలం గళ్ళ చొక్కా. పై గుండీ కింది కాజాలో పెట్టుకుని ఉంటారు. నీడలో కూడా నల్లకళ్ళద్దాలు పెట్టుకుంటారు. ప్రస్తుతం రెండో స్తంభం చాటున నిలబడి ఉన్నారు. నేను తప్పిపోలేదు అని గట్టిగా అంటారు, నమ్మకండి. కోప్పడకుండా చెయ్యి పట్టుకుని మైకు గదికి తీసుకురావలసిందిగా కోరుతున్నాము."

రికార్డు కాదని రుజువైపోయింది. కానీ ఆ విజయానికి సంతోషించే వ్యవధి ఆయనకి దొరకలేదు. బస్‌స్టాండంతా ఒక్కసారి రెండో స్తంభం వైపు తిరిగింది.

"తాతగారూ, భయపడకండి" అంటూ ఒకామె చెయ్యి పట్టుకుంది.

"తాతేమిటి? నేను తప్పిపోలేదు!"

"అదిగో, అన్నారు! ఈయనే!"

ఆయన చెయ్యి విదిలించుకుని దొరికిన బస్సు ఎక్కేశారు. కండక్టరు పసిపిల్లాడిని దింపినట్టు దింపాడు. "నేను ఆడిటర్ని!" అని అరిచారు. "అలాగే తాతగారూ, మీరు ఆడిటరే" అని ఓ ప్రయాణికుడు వీపు నిమిరాడు. ఇంకొకరు మంచినీళ్ళు పట్టించారు. ఎవరో చొక్కా గుండీ కూడా సరిచేశారు. టోపీ ఏమైందో తెలియదు. మొత్తానికి జనమంతా ఊరేగింపుగా తీసుకొచ్చి ఆయన్ని మైకు గదిలో అప్పజెప్పారు.

గదిలో అద్దం వెనక ఆవిడ, పక్కన మేనేజరు. ఆ అద్దంలోంచి విచారణ కిటికీ, స్తంభాలు, సమస్తం కనబడుతున్నాయి.

"మానేశానన్నావు!" అన్నారు ఆయన రొప్పుతూ.

"మీకు చెప్పి వెళ్ళడం మానేశానండీ."

"పై ఆఫీసుకి వెళ్తాను! ఇప్పుడే వెళ్తాను!"

"తప్పకుండా వెళ్ళండి సార్" అన్నాడు మేనేజరు. "ఆవిడకి జ్ఞాపకం లేదని చెప్పండి. మీ మతిస్థిమితం సంగతి అడిగితే మాత్రం సాక్ష్యానికి బస్‌స్టాండంతా వస్తుంది."

ఆడిటరుగారు కుర్చీలో కూలబడ్డారు. ఆవిడ మైకు ఆపి ఆయనవైపు తిరిగింది.

"ఇంట్లో నేనేం చెప్పినా పేపరు చాటునుంచి ఊఁ అంటారు. ఇక్కడ నాలుగో ప్లాట్‌ఫారం అన్నానంటే ఇంతమంది లేచి నడుస్తారు. దారి తెలియనివాళ్ళు నా మాట నమ్ముకుని ఇళ్ళకి చేరతారు. నాకిది ఇష్టమండీ. చేతనైనన్నాళ్ళు చేస్తాను. అసలు ఎందుకు మానమంటారు, నిజం చెప్పండి."

ఆయన నల్లకళ్ళద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు.

"ఇంట్లో నాకేం తోచట్లేదు. నువ్వు లేకపోతే ఇల్లు మింగేస్తున్నట్టుంటుంది."

ఆవిడకి కోపమూ వచ్చింది, జాలీ వేసింది.

"ఆ మాట మొదటే అనుంటే సరిపోయేదిగా? మీకు తోచకపోతే నాకెందుకండీ వయసు అంటగట్టడం?"

దానికి ఆడిటరుగారి దగ్గర సంజాయిషీ లేదు. "సరే, చేసుకో" అని గొణిగి, లేచి తలుపు వైపు నడిచారు.

"ఆగండి, ఎక్కడికి?" అన్నాడు మేనేజరు. "తప్పిపోయినవాళ్ళని ఒంటరిగా పంపకూడదు సార్. ఇంటివాళ్ళు వచ్చి తీసుకెళ్ళాలి. రూలు."

రూలన్నాక ఆయన ఏనాడూ దాటలేదు. గోడవారన బెంచీమీద, ఎవరో మరిచిపోయిన గొడుగుకీ, తప్పిపోయి దొరికిన ఓ చిన్నపాపకీ మధ్య ఒదిగి కూర్చున్నారు. కాసేపటికి పాపని వాళ్ళమ్మ వచ్చి ఎత్తుకుపోయింది. గొడుగుగలాయన గొడుగు తీసుకెళ్ళాడు. ఆడిటరుగారిని తీసుకెళ్ళవలసినావిడ మాత్రం ఇంకా డ్యూటీ దిగలేదు.